బూతు వేరు, అవమానం వేరు

శ్రీకాకుళం జిల్లాలో ఏ వారపు సంతలోనైనా ఒక పూట నిలబడితే చెవిన పడే మాటల్లో చాలావాటిని అచ్చులో పెట్టలేం. చేపల తట్ట దించిన ఆమె బేరమాడుతున్న మనిషిని, ఆ మనిషి తిరిగి ఆమెను, ఇద్దరూ కలిసి మధ్యలో తలదూర్చిన మూడో మనిషిని అనే మాటలు వింటే, పై ప్రాంతం నుంచి వచ్చినవారు కొట్లాట మొదలైందనే అనుకుంటారు. కాసేపటికి బేరం కుదురుతుంది, ఎవరి దారిన వారు పోతారు, ఆ మాటలను ఎవరూ ఇంటిదాకా మోసుకుపోరు. అదే జిల్లాలో, అదే రోజున, కళ్ళం దగ్గర నిలబడ్డ పాతికేళ్ళ కుర్రవాడు తన తాత వయసున్న కూలీని “ఒరే, ఇలా రారా” అని పిలుస్తాడు. అందులో బూతు లేదు, కోపం లేదు, అతడు గొంతు కూడా పెంచలేదు. ఆ పెద్దాయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని “వత్తన్నాను బాబూ” అంటూ వస్తాడు.

అభ్యంతరకరమైన భాష గురించి ఇవాళ టీవీ చర్చల్లో, కాలేజీల్లో, ఫోన్లలో జరుగుతున్న వాదనలు ఎంతకీ తెగకపోవడానికి ముఖ్య కారణం ఈ రెండు సందర్భాలనూ ఒకే గాటన కట్టేయడమేనని నా అభిప్రాయం. ఏం మాట్లాడినా ఎవరో ఒకరి మనోభావాలు దెబ్బతింటున్నాయి, ఇక నోళ్ళు కుట్టేసుకోవాలా అని ఒక పక్షం విసుక్కుంటుంది. నోటికొచ్చినట్టు వాగేవాళ్ళందరినీ లోపల వేస్తే గాని బుద్ధి రాదని రెండో పక్షం అంటుంది. మొదటి పక్షం అవమానాన్ని ఉత్త మాటగా కొట్టిపారేస్తోంది, రెండో పక్షం ప్రతి మోటు మాటనూ నేరంగా చూస్తోంది. బూతు, అవమానం, నేరం అక్కడక్కడ ఒకదానితో ఒకటి కలిసినా, వాటిని తూచవలసిన రాళ్ళు వేరు.

మాటకు బరువు వరసను బట్టి వస్తుందని మన ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బావామరదళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకునే మాటలు వరస కాని మనిషి నోట వస్తే పెద్దమనుషుల దాకా పోతాయి. పెళ్ళిళ్ళలో వియ్యాలవారిని ఎగతాళి చేస్తూ ఆడవాళ్ళు పాడే పాటలు పెళ్ళికొడుకు తల్లిని మొదలుకొని ఎవరినీ వదలవు. అయినా వాటిని ఎవరూ అవమానంగా పట్టించుకోరు, ఎందుకంటే అనడానికి వీళ్ళకు ఎంత చనువుందో తిరిగి అనడానికి వాళ్ళకూ అంత చనువుంది, రేపు వీళ్ళింట శుభకార్యానికి వాళ్ళు వచ్చినప్పుడు వడ్డీతో సహా చెల్లిస్తారు. సంతలో జరిగేదీ అలాంటిదే. కళ్ళం దగ్గర లేనిది సరిగ్గా ఈ తిరిగి అనగలిగే వీలే. పెద్దాయన ఆ కుర్రవాణ్ణి “ఏరా” అని పిలిస్తే మర్నాడు పని ఉంటుందా, కామందు ఇచ్చిన అప్పు ఆ సాయంత్రమే తీర్చమనే కబురు వస్తుందా, పశువులు మేసే గట్టు మీదికి అతణ్ణి రానిస్తారా అన్నది ఊళ్ళో అందరికీ తెలిసిన విషయమే. మాట తగిలినప్పుడు పడ్డవారు ఏ జంకూ లేకుండా జవాబు చెప్పగలరా అన్న ప్రశ్న వేసుకుంటే, వాడిన పదాలు ఎంత మోటువన్న దానికంటే చాలా ఎక్కువ సంగతి తెలుస్తుంది.

ప్రివిలేజ్, అంటే పుట్టుకతోనో హోదాతోనో దక్కే వెసులుబాటు, అన్న మాట తెలుగు చర్చల్లోకి వచ్చి చేరింది ఈ మధ్యనే. దాన్ని డబ్బుగా అర్థం చేసుకున్నవారు చాలా నొచ్చుకుంటారు. “మాకేం ప్రివిలేజ్, మా నాన్న రెండెకరాల రైతు, తుఫాను వచ్చిన ప్రతిసారీ అప్పుల్లో మునుగుతున్నాం” అని వంశధార ఒడ్డున పుట్టిన కుర్రవాడు అడిగితే అందులో అబద్ధమేమీ లేదు. కానీ ప్రివిలేజ్ అంటే ఒక మనిషి దగ్గర ఏముందన్న లెక్క మాత్రమే కాదు, అతడు దేని గురించి ఆలోచించనక్కరలేదో అది కూడా. కుర్రవాడు ఆ పెద్దాయనను “ఒరే” అనేముందు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆలోచించవలసిన అవసరం అతని తండ్రికి రాలేదు, తాతకూ రాలేదు. అప్పుల్లో ఉన్నా, రెండెకరాలే ఉన్నా, పుట్టుకతో చేతికందిన ఆ వెసులుబాటు చెక్కుచెదరలేదు. అతడి కష్టాన్ని ఒప్పుకుంటూనే ఈ సంగతి చెప్పవచ్చు.

పైగా ఈ వెసులుబాటు మనిషితో పాటు అన్ని చోట్లకూ రాదు. అదే కుర్రవాడు ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ వెళ్ళి నాలుగు మాటలు మాట్లాడగానే చుట్టూ ఉన్నవాళ్ళ మొహాల్లో నవ్వు కనిపిస్తుంది. దశాబ్దాల తరబడి తెలుగు సినిమాల్లో వాచ్‌మన్‌కో, పనిమనిషికో, లోకం తెలియని అమాయకుడికో తరచుగా తగిలించిన భాష ఉత్తరాంధ్ర యాస. నేను చదువు కోసం జిల్లా దాటి వెళ్ళిన కొత్తలో, తరగతిలో సందేహం అడగడానికి లేచినప్పుడల్లా వెనక బెంచీల నుంచి “ఏటి బాబూ” అని సాగదీసిన గొంతు వినిపించేది, పాఠం చెప్పేవారు కూడా ఆ నవ్వులో కలిసేవారు. కొద్ది రోజుల్లోనే నేను సందేహాలు అడగడం మానేశాను. ఒక మనిషిని మాట్లాడకుండా చేయడానికి ప్రభుత్వమూ పోలీసులూ అక్కరలేదన్న సంగతి నాకు అప్పుడు అర్థమైంది. పట్నంలో యాస కారణంగా తల దించుకున్న మనిషే పండక్కి ఊరొచ్చి, ఏ తడబాటూ లేకుండా ఆ పెద్దాయనను “ఒరే” అని పిలవగలడు. అతడు ఒక చోట బాధితుడు, మరో చోట బాధపెట్టేవాడు, రెండూ నిజమే. ప్రివిలేజ్‌ను మనిషి నుదుటి మీద శాశ్వతంగా అంటించే చీటీగా వాడే చర్చలు ఈ సంగతిని వదిలేస్తాయి, అందుకే అవతలివారి చెవికి ఎక్కవు.

మంచి భాష ఏదో ఎవరు నిర్ణయిస్తారన్న ప్రశ్న మన నేలకు కొత్త కాదు. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి, విజయనగరం సంస్థానంలో పనిచేసిన గురజాడ అప్పారావు వ్యావహారిక భాష కోసం చేసిన పోరాటాన్ని మనం శైలికి సంబంధించిన తగాదాగా మాత్రమే గుర్తుపెట్టుకున్నాం. కొద్దిమంది పండితులకే వచ్చే భాషలో రాస్తేనే చదువు, మిగతాదంతా అపభ్రంశం అన్నప్పుడు, నోరు తెరవకముందే అత్యధికుల నోరు మూతపడుతుంది. గిడుగు అక్కడితో ఆగకుండా కొండల్లోని సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. అది భాషే కాదని తీసిపారేసే చదువుకున్నవారి మధ్య ఆయన ఆ పని చేశారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న మనం, సీతంపేట వైపు నుంచి వచ్చి పట్టణం హాస్టల్లో చేరిన సవర పిల్లవాడి ఉచ్చారణను వెక్కిరించే తోటి పిల్లలను మందలిస్తున్నామా అని కూడా అడగాలి.

భాష హుందాగా ఉండాలన్న డిమాండ్ చాలాసార్లు బలహీనుల మీదే పడుతుంది. సంస్కారవంతమైన పదాలతో, చిరునవ్వుతో, ఎదుటివాడిని మనిషిగా లెక్కచేయకుండా మాట్లాడేవారిని మన సమాజం సౌమ్యులని మెచ్చుకుంటుంది. అవతల నలభై ఏళ్ళు “ఒరే” అనిపించుకున్న మనిషి ఒకనాడు తెగించి నాలుగు మోటు మాటలు అంటే నోటి దురుసు అంటుంది. బూతును మాత్రమే కొలిచే కొలబద్దతో చూస్తే రెండో అతడే తప్పుచేసినట్టు కనిపిస్తాడు, అవమానాన్ని కొలిస్తే లెక్క తిరగబడుతుంది. ఆడవారి విషయం ఇంతకంటే ఘోరంగా ఉంది. ఇద్దరు మగవాళ్ళు తిట్టుకుంటే ఆ తిట్లన్నీ వాళ్ళ తల్లుల మీద, భార్యల మీద, అక్కచెల్లెళ్ళ మీద పడతాయి. తగవులో లేని మనిషి, జవాబు చెప్పుకునే చోటే లేని మనిషి, మాట పడుతుంది.

ఇక చట్టం దగ్గరికి వస్తే, ఇక్కడ చాలామందికి ఉన్న అపోహలు తొలగించుకోవాలి. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ పౌరులకు భావప్రకటన స్వేచ్ఛ ఇచ్చింది. దాని మీద సహేతుకమైన ఆంక్షలు పెట్టడానికి 19(2) కొన్ని కారణాలు చెప్పింది: దేశ సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి ప్రేరేపించడం. మనోభావాలు దెబ్బతినడం అన్నది ఈ జాబితాలో ఎక్కడా లేదు. ఈ కారణాలకు కొత్తవి చేర్చడం కుదరదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం స్పష్టంగా చెప్పింది. అమెరికాలో జరిగే వాదనలను యథాతథంగా ఇక్కడికి తెచ్చి “ఫస్ట్ అమెండ్‌మెంట్” గురించి మాట్లాడేవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. 1791 నాటి వారి మొదటి సవరణ మాట్లాడే హక్కును ప్రభుత్వం నుంచి కాపాడింది, 1951 నాటి మన మొదటి సవరణ శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహ సంబంధాలు, నేర ప్రేరణ వంటి కారణాలను చేర్చి ఆ హక్కు మీద ఆంక్షలకు దారి పెంచింది, అయితే ఆంక్షలు సహేతుకంగా ఉండాలన్న షరతు కూడా అప్పుడే వచ్చింది. అక్కడి ప్రమాణాలతో ఇక్కడి కేసు గెలవలేం, ఓడిపోలేం.

“అభ్యంతరకరం” అన్న మాట ఒక్కటే నేరానికి ఆధారమైతే ఏమవుతుందో సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ చూపించింది. ఇతరులకు చిరాకు కలిగించినా, తీవ్ర అభ్యంతరకరమైన సందేశం పంపినా మూడేళ్ళ వరకు జైలు శిక్ష వేయడానికి అది వీలిచ్చింది. 2012లో ఒక రాజకీయ నాయకుడు మరణించినప్పుడు బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు మహారాష్ట్రలో ఒక యువతినీ, దాన్ని లైక్ చేసినందుకు ఆమె స్నేహితురాలినీ అరెస్టు చేశాక దేశమంతా దీని గురించి మాట్లాడుకుంది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఒక విషయాన్ని చర్చించడం, దాని తరఫున గట్టిగా వాదించడం, నేరానికి పురికొల్పడం వేర్వేరని, మూడోది వచ్చినప్పుడే ఆంక్షకు అవకాశమని కోర్టు వివరించింది. 2024 మార్చిలో ఒక వెబ్ సిరీస్‌లోని బూతుల మీద వచ్చిన కేసులో, అసభ్య పదజాలం దానంతటదే చట్టం దృష్టిలో అశ్లీలం కాదని తేల్చింది. 2025 మార్చిలో ఒక కవిత మీద గుజరాత్ పోలీసులు పెట్టిన కేసును కొట్టేస్తూ, మాటల ప్రభావాన్ని గుండె నిబ్బరం, స్థిరచిత్తం ఉన్న మనుషుల దృష్టితో కొలవాలని, ప్రతి విమర్శలోనూ ముప్పును చూసేవారి దృష్టితో కాదని చెప్పింది. అంటే సంతలో విన్న మాటల కోసం, లేదా ఒక మంత్రి మీద వేసిన పదునైన వ్యంగ్యం కోసం, పోలీసులు పరుగెత్తి రావలసిన పనిలేదు.

అయితే కళ్ళం దగ్గరి అవమానానికి మన చట్టంలో వేరే చోటుంది, అది ఉండవలసిందేనని నేను గట్టిగా నమ్ముతాను. అంటరానితనాన్ని 17వ అధికరణ రద్దు చేసింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, జనం చూసేలా ఉన్న చోట ఆ వర్గాల మనిషిని కించపరచాలన్న ఉద్దేశంతో అవమానించడాన్ని నేరం చేసింది. 2015లో చేసి 2016 జనవరి 26 నుంచి అమలులోకి తెచ్చిన సవరణ, కులం పేరు పెట్టి దూషించడాన్ని 3(1)(ఎస్) కింద ప్రత్యేకంగా చేర్చింది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళ వరకు ఉంటుంది. నిందితుడు ఎస్సీ, ఎస్టీ కానివాడైతేనే ఈ సెక్షన్లు వర్తిస్తాయి. చట్టం అందరికీ ఒకటే కావాలి కదా అని అడిగేవారికి జవాబు ఉంది. గొడవ రేపాలని కావాలని అవమానించడం ఎవరు ఎవరిని చేసినా మన శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహితలో నేరమే. అత్యాచారాల చట్టం చూస్తున్నది దానికి అదనంగా ఉన్న బరువును, అంటే ఒక్క మాటతో తరతరాల వెలిని గుర్తుచేయగలిగే శక్తి ఒక వైపే ఉండడాన్ని.

“జనం చూసేలా ఉన్న చోటు” అన్న నిబంధన వినడానికి చిన్నదిగా ఉన్నా, కేసు నిలబడడమూ పడిపోవడమూ చాలాసార్లు దాని మీదే ఆధారపడుతుంది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, అది ప్రభుత్వ స్థలం కానవసరం లేదని, సొంత ఇంటి గేటు దగ్గరైనా దారిన పోయేవారికి కనబడేలా, వినబడేలా ఉంటే చాలని చెప్పింది. ఒక కులం పేరు కాగితం మీద ఉత్త కులం పేరే అయినా, దాన్ని ఈనాటి సమాజంలో తిట్టుగా వాడుతున్నప్పుడు ఆ వాడుకనే లెక్కలోకి తీసుకోవాలని కూడా ఆ తీర్పులోనే ఉంది. 2020లో హితేష్ వర్మ కేసులో, బయటివారెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాట ఈ సెక్షన్ కిందికి రాదని కోర్టు తేల్చింది. బాధితులు ఎస్సీలైనంత మాత్రాన ప్రతి తగాదా ఈ చట్టం కింద నేరం కాదని, ఆ అవమానం కులం కారణంగా జరిగి ఉండాలని అదే తీర్పు చెప్పింది, 2024లో మరో కేసులోనూ కోర్టు ఆ మాటే అంది. ఈ చట్టం పేరు చెబితే ఎవరినైనా లోపల వేయించవచ్చని ప్రచారం చేసేవారు ఈ తీర్పులు చదవాలి. ఇందులోని గీతలు వారు చెప్పేదానికంటే చాలా ఇరుకైనవి.

ఆ ఇరుకు నాకు తృప్తినివ్వదు. పెరట్లో గొడ్ల చావడి దగ్గర, వంటింటి గుమ్మం బయట, సాక్షి లేని చోట పడే మాటలే ఎక్కువ. అక్కడ కంబారిగా, అంటే పాలేరుగా ఉన్న మనిషికో, అంట్లు తోమే ఆమెకో చట్టం చేయి అందదు. మాటలతో ఏమవుతుంది, పట్టించుకోకపోతే సరి అనేవారు అప్పట్లో శ్రీకాకుళం జిల్లాలో ఉన్న వంగర మండలం లక్ష్మీపేటను గుర్తుచేసుకోవాలి. మడ్డువలస జలాశయం కోసం సేకరించి, నీట మునగకుండా మిగిలిన భూమి విషయంలో తలెత్తిన వివాదంలో, 2012 జూన్ 12న అక్కడి దళితుల మీద జరిగిన దాడి ఐదుగురి ప్రాణాలు తీసింది. మాట అక్కడ చేసిన పని ఎంతో నేను చెప్పలేను గానీ, భూమి అడిగితే ప్రాణం పోగల ఊళ్ళు ఉన్న ప్రాంతంలో, నీ స్థానం ఇదీ అని గుర్తుచేసే పిలుపును ఉత్త శబ్దంగా తీసుకోవడం నాకు చేతకాదు.

ఈ ఆలోచన మొత్తాన్ని తలకిందులు చేసి వాడుకునేవారు అధికారంలో ఉన్నవారు. గత కొన్నేళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో ఏ పార్టీ పాలనలో ఉన్నా, సోషల్ మీడియా పోస్టుల మీద కేసులు పెట్టడం, పోస్టు పెట్టిన మనిషిని తెల్లవారుజామున తీసుకుపోవడం, వేర్వేరు జిల్లాల్లో వరస కేసులతో తిప్పడం చూశాం. ఆ పోస్టుల్లో నాయకుల ఇంటి ఆడవారిని నీచంగా తిట్టినవి ఉన్నాయి, వాటికి శిక్ష పడాలి. రోడ్డు వేయలేదనో, పింఛను ఆగిందనో ఘాటుగా అడిగినవీ వాటిలో కలిపేశారు. మంత్రికి మైకులున్నాయి, పార్టీ ఉంది, పత్రికలున్నాయి, తిరిగి అనడానికి ఏ లోటూ లేదు. అలాంటివారు “నన్ను అవమానించారు” అంటూ పోలీసులను పంపడం అవమానం నుంచి రక్షణ కిందికి రాదు, జవాబు చెప్పే బాధ్యత నుంచి తప్పించుకోవడం కిందికి వస్తుంది. ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో సాధారణంగా ముందు నోటీసు ఇచ్చి పిలవాలన్న నియమం, అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే భారతీయ నాగరిక సురక్షా సంహిత 35వ సెక్షన్‌లో ఉంది. మూడు నుంచి ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేయవచ్చని అదే సంహితలోని 173(3) చెబుతోంది. మాటకు సంబంధించిన కేసుల్లో ఈ వీలును ఉపయోగించుకోవడం మంచిదని 2025 నాటి ఆ కవిత తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఎస్సీ, ఎస్టీ చట్టం కింద వచ్చే ఫిర్యాదులో ఇందుకు భిన్నమైన పద్ధతి ఉంది. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కరలేదని 2018లో చేర్చిన 18ఎ సెక్షన్ చెబుతోంది, 2020లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ కమిటీ మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. బలవంతుడి ఫిర్యాదుకు నిదానం, బలహీనుడి ఫిర్యాదుకు వేగం ఉండాలన్నది కాగితం మీది ఏర్పాటు. స్టేషన్లలో చాలాసార్లు ఇది తిరగబడుతుంది. కూలీ మనిషి ఫిర్యాదు పట్టుకెళితే “రాజీ పడండి, ఒక ఊళ్ళో బతకాలి కదా” అన్న సలహా ముందుగా వస్తుంది.

ఒక ఊళ్ళో బతకాలన్న ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. మాట పడ్డవారు మౌనంగా ఉండడానికి కారణం పిరికితనమో, భాష రాకపోవడమో కాదు, రేపటి కూలి. అందుకే 2015 నాటి సవరణ సామాజిక, ఆర్థిక బహిష్కరణను కూడా నేరాల జాబితాలో చేర్చింది. నేను గమనించినంతలో, మా వైపు ఊళ్ళలో పిలుపులు మారింది చట్టాలు చదివి కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో దేశంలో మొదటగా 200 జిల్లాల్లో మొదలైనప్పుడు వాటిలో విజయనగరం ఒకటి. కామందు పొలం కాకుండా చెరువు గట్టు మీద ఇంకో పని దొరికింది, కూలి బ్యాంకు ఖాతాలోనో పోస్టాఫీసులోనో పడింది. అంతకుముందు నుంచే చెన్నై, హైదరాబాద్, విశాఖ భవనాల పనులకు పోయిన కుర్రవాళ్ళు చేతిలో డబ్బుతో తిరిగొచ్చారు. వాళ్ళను కళ్ళం దగ్గర “ఒరే” అంటే ఆగి, వెనక్కి తిరిగి, “పేరెట్టి పిలువు బావూ” అంటున్నారు. అన్నవాడు మొహం ముడుచుకున్నా పేరుతోనే పిలుస్తున్నాడు, ఎందుకంటే కోతల కాలంలో మనుషులు దొరకడం లేదు. వాళ్ళ నాన్నలకు, ముఖ్యంగా వలస పోలేని ఆడవారికి, ఈ వీలు ఇంకా రాలేదు. ఉపాధి పని దినాలు తగ్గినా, బిల్లులు నెలల తరబడి ఆగినా, వాళ్ళు మళ్ళీ అదే గుమ్మం ముందు నిలబడవలసి వస్తుంది. అందువల్ల మాట స్వేచ్ఛ గురించి జిల్లాలో చర్చ పెట్టేవారు సెక్షన్లతో పాటు ఆ బిల్లుల బకాయిల గురించి కూడా మండల కార్యాలయంలో అడగాలి.